ఇరవయ్యో బీపీ

నవంబర్ 10, సోమవారం

పరీక్షకు ఇరవై ఆరు రోజులు.

ఈ నోటుబుక్కులో ముందు వైపు నుంచి చదువు రాసుకుంటున్నాను. వెనక వైపు నుంచి ఇది. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఎవరినైనా తిట్టవచ్చు.

ఈరోజు తిట్టాల్సింది సదానందం సార్‌ను, మా నర్సింగ్ హోమ్ మేనేజరును. అందరినీ కౌంటరు దగ్గరికి పిలిచి, "జనవరి సంది సర్టిఫికెట్ లేనోళ్లు పేషంట్ మీద చెయ్యి ఎయ్యద్దు. చీపురు, బకెట్, గంతే" అన్నాడు. అని నా వైపే చూశాడు. ఆరేళ్లుగా ఈ జనగామలో సెలైన్ పెట్టేది నేను, బీపీ చూసేది నేను, చీము కట్లు మార్చేది నేను. పేషంట్ల ముందు సిస్టర్‌ను, వాళ్లు బయటికి పోగానే ఆయాను. నా కాలేజీ ఏమిటంటే అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లిష్ పుస్తకం, ఫోనులో వీడియోలు. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చుకుని నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు.

నర్సింగ్ ప్రాథమిక నైపుణ్యాల పరీక్ష. భూపాలపల్లిలో, డిసెంబర్ ఆరున. మూడేళ్లు పని చేసినవాళ్లు నేరుగా కూర్చోవచ్చు. రెండు కావాలి. సదానందం సార్ సంతకంతో అనుభవ పత్రం ఒకటి. ఒక్కో పని ఇరవై సార్లు చేసినట్టు రికార్డు ఒకటి. రికార్డులో ప్రతి వరసకూ చదువుకున్న నర్సు సంతకం ఉండాలి. ఇక్కడ చదువుకున్న నర్సు అంటే రుక్మిణక్క ఒక్కతే. ఆమె పెన్ను తీయాలంటే ఆమె వంతు దుప్పట్లు నేను మార్చాలి. మారుస్తున్నాను.

చాలామంది ఒక్క పూట కూర్చుని రికార్డు మొత్తం నింపేస్తారట. నేను అట్లా చేయను. నావి ఇరవై అంటే ఇరవై.

నవంబర్ 12, బుధవారం

బీపీలు ఇరవై అయిపోయాయి. రుక్మిణక్క సంతకం కూడా పెట్టేసింది.

ఇరవయ్యో ఆమె పేరు సక్రి. పాలకుర్తి దిక్కు తండా. తల తిరుగుతోందని, మెడ వెనక గుంజుతోందని కొడుకు తీసుకొచ్చాడు. కొడుకు పేరు బలరాం, నిమిషానికోసారి ఫోను చూసుకుంటున్నాడు. పొలంలో కోత మిషను వచ్చి నిలబడిందట.

ఆమె చీర పైకి జరిపితే దండచేయి నిండా తెల్ల బలియలు, మా ఆడవాళ్ల పెళ్లి కడియాలు. మోచేతి పై నుంచి భుజం దాకా ఒకదాని మీద ఒకటి, రెండు చేతులకూ. బీపీ పట్టీ కట్టడానికి రెండు వేళ్ల జాగా లేదు.

రుక్మిణక్క అంది: "మీవోళ్లే గద పూజా. మీ భాషల చెప్పు, తీసేయుమను."

"తియ్యరు అక్కా. మొగుడు బతికున్నడు."

"మొగుడు బతికుంటే? నా మొగుడు బతికే ఉన్నడు, నేను స్నానానికి గాజులు తీస్తలేనా?"

"గివి గాజులు కావక్కా."

"ఏదో ఒకటి చూడు. డాక్టరు సారు ఓపీ మూసేస్తడు."

ఆరేళ్లలో మొదటిసారి దవాఖాన లోపల మా భాషలో మాట్లాడాను. ఆమె ముఖం వెలిగింది. ఎవరి బిడ్డవే, ఏ తండా, ఏ గోత్రం అని అడిగింది. బయ్యారం దగ్గర అని చెప్పాను. బలియల మాట ఎత్తలేదు. ఎత్తే పని లేదు.

పట్టీని మోచేతి కింద, ముంజేతికి చుట్టాను. గాలి కొట్టాను. మోచేతి మడత దగ్గర స్టెత్ పెట్టాను. ఏమీ వినపడలేదు. మళ్లీ కొట్టాను. వినపడలేదు. సారు గదిలోంచి కేస్ షీటు తెమ్మని కేక.

140/90 రాశాను. ఆ వయసుకు అంతే ఉంటుంది. మొన్నటి పందొమ్మిది మందిలో పదకొండు మందికి అటూ ఇటూగా అంతే. పైగా నాడి పట్టుకుని చూశాను, బాగానే కొట్టుకుంటోంది. చూడలేదని అనడానికి లేదు.

సారు షీటు చూసి తల తిరగడానికి బిళ్లలు రాశాడు. "ఏం లేదమ్మా, మంచిగ తిను, పండుకో" అన్నాడు. పోయేటప్పుడు ఆమె నా గడ్డం పట్టుకుని వేళ్లు ముద్దు పెట్టుకుంది.

ఇరవై పూర్తి.

నవంబర్ 13, గురువారం

రోగి మంచం మీద ఉండగానే కింద దుప్పటి మార్చడం. పదకొండు మెట్లు. వచ్చేసింది.

నవంబర్ 15, శనివారం

బలరాం వచ్చాడు. కేస్ షీటు జిరాక్సు కావాలన్నాడు.

బుధవారం పొద్దుగూకేసరికే ఆమె మూతి వంకర పోయిందట. చేతిలో చెంబు జారిందట. కుడి పక్క మొత్తం పడిపోయింది. వరంగల్ పెద్ద దవాఖానలో ఉంది. ఆ రోజు బీపీ ఎంత ఉండెనో కాగితం తెమ్మని అక్కడి డాక్టరు అడిగాడట.

సదానందం సారే తీసి ఇచ్చాడు, ఎప్పుడూ కౌంటరు వెనక నుంచి లేవని మనిషి లేచి మరీ. "చూసుకో తమ్మీ. మా తాన నుంచి పోయినప్పుడు నూట నలభై. మనిషి మంచిగున్నది. తర్వాత ఏమైందో మాకేం ఎరుక." అతను పోయాక నా భుజం తట్టాడు. "మంచిగ రాసినవ్ పూజా. కాగితం ఉంటే భయం లేదు."

ఆరేళ్లలో నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

డాక్టరు సార్‌కు చేతులు లేవా? మనిషి ఎదురుగా కూర్చుంటే ఒక్కసారి తానే చూడవచ్చు కదా. షీటు చూస్తాడు, మనిషిని చూడడు. రుక్మిణక్కకు అంత చదువు ఉంది, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకుంది, ఏదో ఒకటి చూడు అంటుంది. ఏదో ఒకటి అంటే ఏమిటి? కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. ఆమె తీయదు, ప్రాణం పోయినా బలియ తీయదు. అందరూ కలిసి చేసింది.

నేను చూశాను. 140/90.

నవంబర్ 16, ఆదివారం

చూశాను.

నవంబర్ 18, మంగళవారం

బీపీ పాఠం మొదటి నుంచి చదివాను. వచ్చిన పాఠమే అని ఇన్నాళ్లూ సగం నుంచి చదివేదాన్ని.

నాలుగో పేజీ కింద చిన్న అక్షరాలు. దండకు కట్టే వీలు లేకపోతే, కట్టు ఉన్నా, దెబ్బ ఉన్నా, పట్టీని ముంజేతికి కట్టి మణికట్టు దగ్గర నాడి మీద స్టెత్ పెట్టి వినాలి. కాలికైనా కట్టవచ్చు. ఎక్కడ చూశామో షీటులో రాయాలి.

ముంజేతికి కట్టాను నేను. సరిగ్గానే కట్టాను. స్టెత్ మాత్రం పైన, మోచేతి దగ్గర పెట్టాను. జానెడు కిందికి పెట్టి ఉంటే వినపడేది.

జానెడు.

ఈ పేజీ ఎవడైనా నాకు చెప్పాడా? ఎవడూ చెప్పలేదు. ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి పెడితే నాకెట్లా తెలుస్తుంది?

వినపడలేదని రాయడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు.

ఈరోజు ఇంక చదవను.

నవంబర్ 19, బుధవారం

చేతులు కడగడం. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు విడిగా. మర్చిపోయేది ఎప్పుడూ బొటనవేలే.

నవంబర్ 21, శుక్రవారం

బలరాం ఫోను చేశాడు. నంబరు ఎక్కడిదంటే రుక్మిణక్క ఇచ్చిందట. తల్లిని ఇంటికి తెచ్చేశారు. పడుకున్న చోటే పడుకుని వీపు ఎర్రబడుతోందట. "నువ్వు మనోళ్ల పిల్లవు చెల్లె. ఒక్కసారి వచ్చి ఎట్ల తిప్పాల్నో చూపెట్టు. మా ఆడోళ్లకు తెలుస్తలేదు."

పరేషాన్ చేయకు, డ్యూటీ ఉంది అని చెప్పాల్సింది. ఆదివారం వస్తా అన్నాను.

పరీక్షలో రోగిని పక్కకు తిప్పడం ఒక టేబుల్. బొమ్మ మీద చేసే బదులు మనిషి మీద చేస్తే చేయి కుదురుతుంది. అందుకే పోతున్నాను.

నవంబర్ 23, ఆదివారం

పాలకుర్తి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రోడ్డు సగం మేర వడ్లు ఎండబోశారు, ఆటో మిగతా సగంలో పోయింది.

ఇంటి ముందు అరుగు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. సోమ్లా, సక్రి మొగుడు. నన్ను చూసి లేవబోయాడు. నేను చిన్నదాన్ని, నాకెందుకు లేవడం?

లోపల ఆమె నులక మంచం మీద ఉంది. రెండు దండలూ బోసిగా ఉన్నాయి. వరంగల్‌లో చేర్చిన రోజే కత్తిరించారట, ఎవరినీ అడగలేదు. నలభై ఏళ్లు ఎండ తగలని చోటు కదా, చర్మం పాలిపోయి, మిగతా చెయ్యికి సంబంధం లేనట్టు ఉంది. బలియల ముక్కలు గుడ్డలో మూట కట్టి గూట్లో పెట్టారు. సోమ్లా లోపలికి రాడట. వస్తే ఆమె ఎడమ చేత్తో దుప్పటి భుజాల దాకా లాక్కుంటుందట. మొగుడు బతికుండగా ఆ చేతులు మొగుడికి చూపించడం ఆమె వల్ల కావడం లేదు.

నేను పని చేశాను. మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, నడుము మీద ఒక చెయ్యి, తన వైపుకు దొర్లించుకోవాలి, లాగకూడదు. రెండు గంటలకోసారి. వీపుకు మెత్త, మడమల కింద మెత్త. గోరువెచ్చని నీళ్లు, ముందు కళ్లు, తర్వాత ముఖం, ఒక్కో గుడ్డ ఒక్కో చోటుకు. బలరాం నేర్చుకున్నాడు. రెండోసారికే బాగా చేశాడు. మా ఆయాలకంటే నయం.

సక్రికి మాట ముద్దగా వస్తోంది. నా గడ్డం పట్టుకోవాలని చూసింది. కుడి చెయ్యి లేవలేదు.

తర్వాత రొట్టె పెట్టారు. తింటున్నప్పుడు బలరాం చెప్పాడు. మా భాషలోనే చెప్పాడు, దానికి నా దగ్గర అక్షరాలు లేవు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

"ఆ దినం జనగామ బస్టాండుల అందరి ముంగట మొత్తుకున్న చెల్లె. దవాఖానల ఏం లేదన్నరు గద. కోత మిషను ఎనక్కి పోయింది. మబ్బు పట్టింది. నీకేం రోగం లేదు, పత్తి ఏరుడు తప్పించుకోనికె ఏషాలు ఏస్తున్నవ్ అన్న. ఏమనలే ఆమె. బస్సుల కిటికీ దిక్కు మొఖం పెట్టుకొని కూసున్నది. ఇంటికొచ్చి చెంబు పట్టుకున్నది, గంతే."

"ఊకో" అన్నాను.

"కాగితం వరంగల్ డాక్టర్‌కు చూపెట్టిన. నూట నలభై అంటే ఎక్కువేం కాదు, తర్వాత ఏమన్న రంది పెట్టుకున్నదా అని అడిగిండు. మా అన్నలిద్దరు అక్కడనే ఉన్నరు, నేను మొత్తుకున్న ముచ్చట ఎరుకైంది. ఆల్లు ఇంటికొస్తలేరు. నాయిన నాతోటి మాట్లాడుడు బంద్ పెట్టిండు. ఒక్క మాట లేదు. అన్నం పెట్టుమన్నా కోడలితోటి చెప్తడు."

నేను రొట్టె పూర్తిగా తిన్నాను.

నవంబర్ 24, సోమవారం

అనుభవ పత్రం ఇంకా సంతకం కాలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే సదానందం సార్ ఆ పత్రం నా ముందే చింపుతాడు. పత్రం లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే జనవరి నుంచి బకెట్. బకెట్ పట్టుకున్న మనిషి ఎవరికి పనికొస్తుంది? సర్టిఫికెట్ వస్తే ఇట్లాంటి సక్రిలు వందమందికి సరిగ్గా చూస్తాను.

పరీక్ష అయ్యాక చెప్తాను. బలరాం ఎక్కడికీ పోడు కదా.

అయినా బస్టాండులో అరిచింది అతనే. నేను అరవమని చెప్పానా?

నవంబర్ 25, మంగళవారం

రాసిన చెయ్యి నాదే. ఏం లేదు అని డాక్టరు అన్నది నా అంకె చూసే.

నవంబర్ 27, గురువారం

రాయను అనుకున్నాను. రాస్తే గానీ చదువు ఎక్కడం లేదు.

నాయిన పోయిన మూడో రోజు. మా తండాలో ముగ్గురు ఆడవాళ్లు మా యాడిని, అంటే అమ్మను, కూర్చోబెట్టి దండల బలియలు తీశారు. అవి జారవు. ఒక్కొక్కటే రాయి పెట్టి పగలగొట్టారు. యాడి ఏడవలేదు, లెక్క పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. అప్పటికే దవాఖానలో పని చేస్తున్నాను, కత్తెర తెచ్చి ఉంటే బాగుండునని అనుకున్నాను. ఆ తర్వాత యాడి ఎండాకాలం కూడా చేతులు కప్పుకునే తిరుగుతోంది.

సక్రిని తీయమని ఎట్లా అడుగుతాను? రుక్మిణక్క అడగగలదు. నేను అడగలేను.

అడగకపోవడం తప్పు కాదు. ఇది ఎన్నిసార్లయినా రాస్తాను. అడగలేదు, ఆమె మర్యాద కాపాడాను, సరే. మరి ఆ అంకె ఎవరి మర్యాద కోసం రాశాను? ఓపీ మూసేస్తున్నారు, నాకు ఇరవయ్యోది కావాలి. అంతే. అంతకంటే ఏమీ లేదు.

నవంబర్ 30, ఆదివారం

అనుభవ పత్రం మీద సంతకం అయింది. "ఆరు సంవత్సరములుగా నమ్మకముగా పనిచేయుచున్నది." సదానందం సార్ టైపు చేయించాడు.

బలరాం మూడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

డిసెంబర్ 3, బుధవారం

శ్వాస లెక్కపెట్టడం. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండాలి, కళ్లు మాత్రం ఛాతీ మీద. లెక్కపెడుతున్నామని చెప్పకూడదు, చెబితే శ్వాస మారిపోతుంది. పూర్తి నిమిషం.

మా దవాఖానలో ఎవరి షీటు తీసినా శ్వాస ఇరవై. చిన్నపిల్లకు ఇరవై, ముసలాయనకు ఇరవై, చచ్చేముందు ఇరవై. ఇదివరకు ఇది చూసి నవ్వుకునేదాన్ని.

డిసెంబర్ 5, శుక్రవారం

జనగామ, హనుమకొండ, పరకాల, భూపాలపల్లి. బస్సులో నిద్ర పట్టలేదు. లేడీస్ హాస్టల్లో మంచం దొరికింది. పక్క మంచం సుష్మిత, కాటారం పిల్ల, అక్కడ ఒక క్లినిక్కులో పని చేస్తుందట, ఆమెదీ రేపే పరీక్ష. నా రికార్డు తిరగేసి, "గిన్ని రకాల అంకెలు రాసినవేందక్కా, అన్నిటికీ తలో తీరు. నేనైతే మొత్తం ఒక్కనాడే నింపిన" అంది. నవ్వింది. మంచి పిల్ల. కొట్టాలనిపించింది.

డిసెంబర్ 6, శనివారం

రికార్డులు గుమ్మం దగ్గర ఒక బల్ల మీద పెట్టించుకున్నారు. సాయంత్రం దాకా ఎవరూ తెరవలేదు. ఇరవయ్యో వరస అందులోనే ఉంది.

ఆరు టేబుళ్లు. చేతులు కడగడం బాగా చేశాను. దుప్పటి కూడా బాగా మార్చాను. బొమ్మను తిప్పడంలో మేడం "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. చెప్పలేదు.

బీపీ టేబుల్ దగ్గర బొమ్మ కాదు, మనిషి. ఆ బిల్డింగు వాచ్‌మెన్ కాటమయ్య. అరవై దాటాయి. పొద్దున్నుంచి ఆయన కుడి చెయ్యే అందరికీ. పట్టీ అచ్చులు పడి ఎర్రగా కందింది.

నా ముందు సుష్మిత. నిమిషంలో లేచింది. వచ్చేటప్పుడు నా చెవిలో, "ఏం వినపడ్తలేదక్కా, లొల్లి లొల్లి ఉన్నది. నూట ముప్పై, ఎనభై నాలుగు. పొద్దట మేడమే చూసి రాసి పెట్టుకున్నదంట, అందరు గదే చెప్తుండ్లు" అంది.

కూర్చున్నాను. కాటమయ్య అన్నాడు: "పొద్దటిసంది ముప్పై మంది పిసికిండ్లు బిడ్డా. నువ్వు జర పైలంగ పిసుకు."

"తిన్నవా తాతా?"

"యాడ తినాలె. కుర్సీల కెల్లి లేవద్దన్నరు."

"ఎడమ చెయ్యి ఇయ్యి."

మేడం తల ఎత్తింది. "కుడి చెయ్యే చూడాలి."

"ఆ చెయ్యి ముప్పై సార్లు బిగించారు మేడం. తప్పు చూపిస్తుంది" అన్నాను. ఆమె ఏదో రాసుకుంది. ఎడమ చేతికి కట్టాను. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాను. టైము పోతోందని తెలుసు. వరసలో వెనకవాళ్లు గొణుగుతున్నారు. తర్వాత గాలి కొట్టాను, నెమ్మదిగా వదిలాను.

వినపడింది. 178 దగ్గర మొదలైంది. ఎంతసేపటికీ ఆగదు. 104 దగ్గర ఆగింది.

అనుమానం వచ్చింది, చెవుల మీదే. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. 176, 104.

పెన్ను పట్టుకున్నాను. 130/84 రాస్తే ఐదుకు ఐదు. అదే అంకె మేడం కాగితం మీద ఉంది. ముప్పై మంది రాశారు. రాస్తే ఎవరికీ తెలియదు. ఈ విషయం నాకంటే బాగా ఎవరికి తెలుసు?

176/104 రాశాను. ఎడమ చెయ్యి అని కూడా రాశాను.

మేడం చూసి పెదవి విరిచింది. "ఉదయం మేమే చూశాం. 130/84. అంత తేడా రాదు. మళ్లీ అవకాశం లేదు."

"ఉదయం ఉన్నది ఉదయానికి మేడం. ఇప్పుడు మీరు ఒకసారి చూడండి."

"నువ్వు నాకు పరీక్ష పెడుతున్నావా?"

"లేదు మేడం. ఆయనకు చూడమంటున్నాను."

"టైము అయిపోయింది. పక్క టేబుల్‌కు వెళ్లు."

వెళ్లలేదు. గొంతు పెరిగింది, పెంచాలని కాదు. "నేను తప్పైతే సున్నా వేయండి. మీరు తప్పైతే ఈయన సాయంత్రం చెంబు జారవిడుస్తాడు" అన్నాను. చెంబు మాట ఆమెకేం అర్థమవుతుంది? హాలు మొత్తం చూసింది. ఇద్దరు వచ్చి నన్ను పక్క టేబుల్ దగ్గరికి నడిపించారు. ఆమె సున్నా వేసిందో ఎంత వేసిందో తెలియదు. మళ్లీ చూడలేదని మాత్రం తెలుసు.

చివరి టేబుల్ మందులు ఇవ్వడం. ఏం చెప్పానో గుర్తులేదు.

బయట గేటు దగ్గర కాటమయ్య దొరికాడు. "ఏమాయె బిడ్డా, మేడం గుస్స అయింది. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తే నాకసలు ఉన్నదెంత?"

"నూట డెబ్బై ఆరు. ఎక్కువున్నది తాతా. బిళ్లలు ఏసుకుంటవా?"

"ఏసుకునేటోన్ని. అయిపోయినయ్. నెల రోజులాయె."

సర్కారు దవాఖాన నడిచేంత దూరమే. నేనే తీసుకుపోయాను. అక్కడ మిషను మీద చూశారు. 182/106. కూర్చోబెట్టి బిళ్ల వేశారు. కాటమయ్య ఇటు తిరిగి నాతో, "అయితే నువ్వు పాసైనట్టే గద" అన్నాడు. నవ్వాను. తర్వాత బస్టాండుకు పోయి బల్ల మీద కూర్చుని ఏడ్చాను. జనం చూశారు. చూడనీ.

డిసెంబర్ 7, ఆదివారం

పాలకుర్తి. ఆటోలో పోతున్నంతసేపూ మాటలు కుదుర్చుకున్నాను. అక్కడికి పోయాక ఒక్కటీ పనికిరాలేదు.

సోమ్లా అరుగు మీదే ఉన్నాడు. బలరాం లోపల తల్లి కాళ్లకు నూనె రాస్తున్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆ రోజు నేను బీపీ చూడలేదు. పట్టీ పట్టలేదు, వినపడలేదు, తోచిన అంకె రాశాను. ఎంత ఉందో నాకు తెలియదు. ఎక్కువే ఉండి ఉంటుంది, అందుకే తల తిరిగింది. డాక్టరు ఏమీ లేదన్నది నా అంకె చూసి. నువ్వు అరిచింది డాక్టరు మాట విని.

బలరాం నూనె చేతులు అట్లాగే పైకి పట్టుకుని ఉన్నాడు.

"ఇరవై అయిదు రోజులు" అన్నాడు. "నాయిన నాతోటి మాట్లాడక ఇరవై అయిదు రోజులు. నీకు ఎరుకే. నీకు చెప్పుకుంట ఏడ్చిన. నువ్వు మా ఇంట్ల కూసొని రొట్టె తిన్నవ్."

"తిన్న" అన్నాను.

"మనోళ్ల పిల్ల అని నమ్మిన."

 

నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, "రాసియ్యి" అన్నాడు. "నువ్వు చెప్తే మా అన్నలు నమ్మరు. దవాఖాన కాగితం ఉన్నది ఆల్ల దగ్గర. దాని మీద ఏ చేత్తోటి రాసినవో గదే చేత్తోటి రాసియ్యి."

రాస్తే ఏమవుతుందో తెలుసు. అన్నల చేతికి పోతుంది, ఊరి పెద్దల చేతికి పోతుంది, అక్కడి నుంచి జనగామకు, సదానందం సార్ బల్ల మీదికి. సర్టిఫికెట్ వచ్చినా ఆ కాగితం దానికంటే ముందు నడుస్తుంది. బలరాం కూతురు స్కూలు నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి ఇచ్చింది.

రాశాను. "నవంబర్ పన్నెండున నేను సక్రి గారికి బీపీ చూడలేదు. 140/90 అని కేస్ షీటులో ఉన్నది నేను ఊహించి రాసింది. ఆ రోజు ఆమెకు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కొడుకు బలరాం మాటల వల్ల ఆమెకు ఇట్లా అయిందని ఈ కాగితం చూసి ఎవరూ అనడానికి లేదు." కింద నా పూర్తి పేరు, మా నాయిన పేరు, మా తండా పేరు రాసి సంతకం పెట్టాను.

బలరాం దాన్ని అరుగు మీదికి తీసుకుపోయి సోమ్లాకు మా భాషలో చదివి వినిపించాడు. మూడో వాక్యం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. సోమ్లా మొత్తం విన్నాడు. నన్ను చూడలేదు. వాకిట్లోకి చూస్తూ, "బలరాం, పొయ్యిల కట్టె ఎగదొయ్యి, నీళ్లు సల్లారుతున్నయ్" అన్నాడు.

బలరాం నిలబడే ఉన్నాడు. ముసలాయన మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా, "నీకే చెప్తున్న."

బలరాం పోయి కట్టె ఎగదోశాడు. పొగకో దేనికో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. తల్లిని తిప్పే వేళయింది. నేను మంచం వైపు అడుగు వేశాను.

"నువ్వు ముట్టకు" అన్నాడు. అరవలేదు. "నాకొచ్చు."

తానే తిప్పాడు. సక్రి ముఖం నా వైపుకు వచ్చింది. అంతా విన్నది. ఏమనుకున్నదో నాకు తెలియదు. తెలుసని రాయను.

ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. వచ్చేశాను. ఆటో దొరకలేదు, పాలకుర్తి దాకా నడిచాను.

రేపు డ్యూటీ ఎనిమిదికి. ఈ మాటే సదానందం సార్‌కు నేనే ముందు చెప్పాలి, కాగితం చేరకముందే. చెప్తాను.

ఫలితాలు పదిహేనో తారీఖున. ఇంక చూసుకోను, ఏదైతే నాకేమిటి.

అబద్ధం. చూసుకుంటాను.